పెంపుడు కుక్క అల్లరి తట్టుకోలేకపోతున్నారా? గొలుసు వేస్తే తగ్గదు.. ఇలా చేస్తే దారికొస్తుంది!

చెప్పులు కొరికేయడం, గేటు దగ్గర ఎవరు కనిపించినా మొరగడం, చుట్టాలు రాగానే మీదకు దూకేయడం.. కుక్కను పెంచే ఇళ్లలో ఇవి రోజూ ఉండేవే. చాలామంది దీన్ని పొగరు అనుకుని గొలుసుతో కట్టేస్తారు. కానీ అసలు సమస్య పొగరు కాదు, ఖర్చు కాని శక్తి. రాజమహేంద్రవరం నుంచి అమలాపురం, భీమవరం వరకు గోదావరి డెల్టాలో ఎండ, ఉక్కపోత వల్ల కుక్కను బయట తిప్పే టైమ్ తగ్గిపోయి ఈ సమస్య ఇంకా పెరుగుతుంది. మరి ఏం చేయాలి?

అల్లరి ఎందుకు చేస్తాయంటే..

జర్మన్ షెపర్డ్ గొర్రెల మందలు కాసిన జాతి. సైబీరియన్ హస్కీ మంచులో బండ్లు లాగిన జాతి. లాబ్రడార్ వేటలో పడిన పక్షులను నోట కరుచుకుని తెచ్చిచ్చిన జాతి. అలాంటి కుక్కను రోజంతా ఫ్లాట్‌లో ఉంచితే పని అదే వెతుక్కుంటుంది. సోఫా చింపుతుంది, పెరట్లో మట్టి తవ్వుతుంది. గంటల తరబడి కట్టేస్తే చిరాకు, భయం పెరిగి కరిచే ప్రమాదం కూడా ఉంది.

వాకింగ్ ఎప్పుడు?

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూనే ఒంటిని చల్లబరుచుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది సరిగా పనిచేయదు. అందుకే ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, తెల్లవారుజామున లేదా పొద్దుపోయాకే తిప్పాలి. బయల్దేరే ముందు అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి చూడండి. 7 సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కాలతాయని అర్థం. గోదావరి గట్టు మీదైనా, కాలువ గట్టు మీదైనా బెల్టు వదలొద్దు. లాబ్రడార్ నీళ్లు చూస్తే ఆగదు.

మధ్యాహ్నం మెదడుకు పని

బయటికి వెళ్లలేని వేళ ముక్కుకు, బుర్రకు పని చెప్పాలి. పాత తువాలు మడతల్లో కాస్త తిండి దాచి వెతికించండి. ‘సిట్’, ‘స్టే’ లాంటివి 5 నిమిషాల చొప్పున రోజుకు 3 సార్లు నేర్పండి. చెప్పింది చేసిన వెంటనే చిన్న ముక్క తినిపించి మెచ్చుకోవాలి. 4 నుంచి 6 నెలల వయసులో కొత్త పళ్లు వస్తాయి కాబట్టి కొరకడం సహజం. చెప్పుల బదులు గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి. కొబ్బరి పీచు, మామిడి టెంక మాత్రం వద్దు. మింగితే పేగుల్లో అడ్డుపడతాయి.

మీదకు దూకితే?

అరవొద్దు, కొట్టొద్దు. అరిచినా దానికి ఆటలాగే ఉంటుంది. మాట్లాడకుండా పక్కకు తిరగండి. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టాకే పలకరించండి. ఇంట్లో అందరిదీ ఒకటే రూల్ కావాలి. అమ్మ వద్దన్న పనికి తాతగారు ముద్దు చేస్తే ఏది తప్పో కుక్కకు అర్థం కాదు. చిన్నపిల్లలను మాత్రం కుక్కతో ఒంటరిగా వదలొద్దు.

నిర్లక్ష్యం చేస్తే కేసే!

పెంపుడు జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు, తీవ్ర గాయాలు జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద 6 నెలల వరకు జైలు, లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రేబిస్ టీకా 3 నెలల వయసులో మొదలుపెట్టి, డాక్టర్ చెప్పిన ప్రకారం బూస్టర్లు వేయించాలి. ఒకవేళ కరిస్తే గాయాన్ని ధారగా పడే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు మొదలయ్యాక రేబిస్ నుంచి బతకడం దాదాపు అసాధ్యం.

ఎప్పుడూ బుద్ధిగా ఉండే కుక్క ఒక్కసారిగా గుర్రుమంటుంటే అది అల్లరి కాకపోవచ్చు. చెవిలోనో, కీళ్లలోనో నొప్పి ఉండొచ్చు. ఆలస్యం చేయకుండా వెటర్నరీ డాక్టర్‌కు చూపించడమే మంచిది.