గిటార్ పెడళ్ల విద్యుత్ సరఫరా: వోల్టేజీ మార్పిడి చిప్ ఎంపిక

ఉపోద్ఘాతం

ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (1961) నమోదు చేసే భూకంప సంకేతమైనా, నాచారంలో ఒక ఇంట వాయించే గిటార్ స్వరమైనా క్షీణ సంకేతాలే. వాటిని వర్ధించే పరికరానికి విద్యుత్ సరఫరా నిశ్శబ్దంగా అందాలి.

గిటార్ పెడళ్లలో అధికభాగం 9 వోల్టులతో పనిచేస్తాయి. అయితే జెర్మేనియం పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లున్న ఫజ్ పెడల్‌ను ఇతర పెడళ్లతో ఒకే అడాప్టరుపై నడపడానికి రుణ 9 వోల్టులు అవసరం. కొన్ని పెడళ్లకు 18 వోల్టులు కావాలి. క్లాన్ సెంటార్ ఈ రెండింటినీ 9 వోల్టుల నుండే పొందుతుంది. ఇందుకు తోడ్పడే చిప్ ఎంపికకు ప్రమాణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పనితీరు

ఏతం బావినీటిని తోడి కాలువలో పోసినట్లు, ఈ చిప్ ఒక కెపాసిటరును ఆవేశంతో నింపి, దాని ధ్రువాలను తారుమారు చేసి మరొక కెపాసిటరులోకి ఒంపుతుంది. ఈ క్రియ సెకనుకు వేలసార్లు జరుగుతుంది.

వోల్టేజీ పరిమితి

ఐసీఎల్ 7660, మ్యాక్స్ 1044 చిప్‌లు 10 వోల్టుల వరకు, ఐసీఎల్ 7660ఎస్, టీసీ 1044ఎస్ 12 వరకు, ఎల్‌టీ 1054 15 వరకు పనిచేస్తాయి. నియంత్రణ లేని పాత అడాప్టరుపై 9 అని ముద్రించి ఉన్నా, లోడు తక్కువైనప్పుడు వోల్టేజీ 10ని దాటగలదు. అప్పుడు మొదటి రెండు చిప్‌లు దెబ్బతినే ప్రమాదముంది.

పౌనఃపున్యం

ఐసీఎల్ 7660 డోలకం 10 కిలోహెర్ట్జ్. స్విచింగ్ అందులో సగం. ఇది మానవ శ్రవణ పరిధిలోనిదే కనుక కీచురొదగా వినిపించవచ్చు. టీసీ 1044ఎస్‌లో 1వ పిన్నును 8వ పిన్నుకు కలిపితే డోలకం సుమారు 45 కిలోహెర్ట్జ్‌కు చేరుతుంది. అందులో సగమైనా శ్రవణ పరిధికి ఆవలిదే. ఐసీఎల్ 7660లో ఈ సౌలభ్యం లేదు. ఎల్‌టీ 1054 స్వతహాగా 25 కిలోహెర్ట్జ్ వద్ద నడుస్తుంది. దాని 1వ పిన్ను వేరొక పనికి ఉద్దేశించినది; సాధారణ వినియోగంలో దానిని ఖాళీగా వదలాలి.

కరెంటు

ఐసీఎల్ 7660 అంతర్నిరోధం సుమారు 55 ఓములు. 10 మిల్లీ ఆంపియర్ల వద్ద అర వోల్టుకు పైగా నష్టమవుతుంది. ఎల్‌టీ 1054 100 మిల్లీ ఆంపియర్ల వరకు అందిస్తుంది.

ముగింపు

ఒక ఫజ్ పెడల్‌కు, నియంత్రిత అడాప్టరుతో, టీసీ 1044ఎస్ చాలును. అడాప్టరుపై నమ్మకం లేనప్పుడు, కరెంటు అవసరం ఎక్కువైనప్పుడు ఎల్‌టీ 1054 సముచితం. ఉప్పల్, నాచారం ప్రాంతాల నుండి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి చిప్ కొనేవారు అంకెలతో పాటు చివరి ‘ఎస్’ అక్షరాన్ని కూడా పరిశీలించాలి. 10 వోల్టుల చిప్‌కు, 12 వోల్టుల చిప్‌కు పేరులో ఉన్న భేదం ఆ ఒక్క అక్షరమే కావచ్చు.