కిరణం తాకితే... కణంలో వింతలు

క్యాన్సర్‌కు రేడియేషన్ ఇవ్వడాన్ని మన ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అంటారు. నిజానికి ఒంటికి తగిలేది కరెంటు కాదు, కిరణాలు. అవి కణంలోని డీఎన్‌ఏను తెంపుతాయి. ఆ తెగిన పోగులతోనే రెండుగా చీలబోయి క్యాన్సర్ కణం నాశనమవుతుంది.

● 2 మీటర్ల దారం
ఒక్కో కణంలోని డీఎన్‌ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్లు. కణం చీలే ముందు దానికంతటికీ నకలు తీయాలి. వేలచోట్ల ఒకేసారి పని మొదలుపెట్టి, దాదాపు 8 గంటల్లో పూర్తిచేస్తుంది!

● వెయ్యి కన్నా 40 ప్రమాదం
రేడియేషన్ మోతాదును ‘గ్రే’లలో కొలుస్తారు. ఒక్క గ్రేకి కణంలో డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఒక్కటే తెగేది సుమారు 1000 చోట్ల. ఎదురు పోగును చూసి కణం వాటిని అతికేసుకుంటుంది. రెండు పోగులూ కలిసి తెగేది 40 చోట్లే అయినా, ప్రాణం తీసేవి ముఖ్యంగా అవే.

● తొలి లెక్క
ఎంత మోతాదుకు ఎన్ని మానవ కణాలు బతుకుతాయో 1956లో తొలిసారి లెక్కగట్టినవారు అమెరికా శాస్త్రవేత్తలు థియోడర్ పక్, ఫిలిప్ మార్కస్. వాడినవి హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ కణితి నుంచి 1951లో తీసిన ‘హీలా’ కణాలు. కొన్ని కణాలు చావకుండా రాక్షసుల్లా ఉబ్బాయి గానీ, వాటికి సంతతి లేదు.

● ఘడియకో గుణం
అదే కణం ఒక వేళ మొండిది, మరో వేళ సుకుమారి. నకలు పని ముగింపుకొచ్చినప్పుడు కిరణాలను బాగా తట్టుకుంటుంది. పక్కనే కొత్త ప్రతి ఉంటుంది కాబట్టి దాన్ని చూసి సరిచేసుకోగలదు. రెండుగా చీలే వేళ మాత్రం తేలిగ్గా దెబ్బతింటుంది.

● ఆగని నకలు
కిరణాలు తగలగానే మామూలు కణం నకలు పనిని నెమ్మదింపజేస్తుంది. ‘అటాక్సియా టెలాంజియెక్టేసియా’ అనే అరుదైన జబ్బున్నవారి కణాలు మాత్రం అలా తగ్గవని 1980లో తేలింది. కారణమైన ఏటీఎం జన్యువు 1995లో దొరికింది. ఈ జబ్బున్నవారికి మామూలు మోతాదూ ప్రమాదమే.

● అసలైన మొండిఘటం
మనిషి ఒళ్లంతటికీ ఒకేసారి 5 గ్రేలు తగిలితే, వైద్యం అందకుంటే బతకడం కష్టం. డైనోకాకస్ రేడియోడ్యూరన్స్ అనే బ్యాక్టీరియా 5000 గ్రేలనూ తట్టుకుంటుంది! డీఎన్‌ఏ ముక్కలుముక్కలైనా గంటల్లో మళ్లీ కూర్చుకుంటుంది. దీన్ని 1956లో, రేడియేషన్ పెట్టినా పాడైపోయిన డబ్బా మాంసంలో కనుగొన్నారు.

● రోజూ ఎందుకు?
చాలా చికిత్సల్లో రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి 5 రోజులు ఇస్తారు. మర్నాటికల్లా మంచి కణాలు చాలావరకు మరమ్మతు చేసుకుంటాయి. క్యాన్సర్ కణాలు అంత బాగా చేసుకోలేవు. వారాల తరబడి తిరగడం కష్టమే. అయినా డాక్టర్ చెప్పకుండా ఒక్కరోజూ మానకండి.