గట్టుమీది శత్రువు

అనంతపురము జిల్లాలో ఉరవకొండ యను పట్టణము కలదు. ఊరిప్రక్కనున్న కొండ పడగ విప్పిన పామువలె కనబడుటచే దానికి ఉరగకొండ యని పేరు వచ్చినదనియు, అదియే క్రమముగా ఉరవకొండ యైనదనియు చెప్పుదురు. ఈ సీమలో వానలు తక్కువ. జిల్లాలో ఏడాదికి కురియు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొద్దిపాటి వాననే నమ్ముకొని రైతులు వేరుసెనగ విత్తుదురు. కాయ పండినచో అప్పు తీరును. పిల్లల చదువు సాగును. కట్టె పశువులకు మేత యగును. పండనిచో ఇంటిల్లిపాదియు కూలికై దూరప్రాంతములకు వలసపోవలసి వచ్చును.

2000వ సంవత్సరమున ఖరీఫు పంటకాలములో ఈ జిల్లా రైతులకు వింతయైన ఆపద వచ్చినది. పచ్చగా మొలచిన వేరుసెనగ పైరులో లేత ఆకులపై మచ్చలు పుట్టెను. చిగురులు మాడెను. కాండము నల్లబడి మొక్కలు నిలువునా ఎండిపోయెను. సుమారు 2,25,000 హెక్టార్ల పైరునకు ఈ తెగులు సోకినది. నష్టము 300 కోట్ల రూపాయలకు మించెనని అంచనా వేసిరి.

చూపునకు ఇది పూర్వమునుండి తెలిసిన మొవ్వుకుళ్ళు తెగులును పోలియుండెను. కాని హైదరాబాదు సమీపమున పటాన్‌చెరులో నున్న ఇక్రిశాట్ పరిశోధనా సంస్థవారు పరీక్షించి, ఇది వేఱొక తెగులని తేల్చిరి. దీనికి కారణము టొబాకో స్ట్రీక్ అను వైరస్. ఈ తెగులునకు కాండము కుళ్ళు వైరస్ తెగులని పేరు.

మఱి ఆ వైరస్ పైరులోనికి ఎట్లు వచ్చెను? అది విత్తనముతో రాలేదు. ఒక వేరుసెనగ మొక్కనుండి మఱియొక దానికి వ్యాపించుటయు కానరాలేదు. వెదకి చూడగా శత్రువు పొలములో లేదు. పొలము గట్టుమీదనే యున్నది. అదియే వయ్యారిభామ అను కలుపుమొక్క. దాని తెల్లని చిన్నపూలలోని పుప్పొడియందు వైరస్ దాగియుండును. తెగులున్నట్లు ఆ మొక్కలో గుర్తేదియు కనబడదు. పుప్పొడి గాలికి ఎగిరి వేరుసెనగ ఆకులపై పడును. తామరపురుగులును దానిని మోసికొని వచ్చును. ఆ పురుగులు ఆకును గీరి రసము పీల్చునపుడు ఏర్పడిన గాయములగుండా వైరస్ లోనికి ప్రవేశించును.

ఈ వయ్యారిభామ మన దేశపు మొక్క కాదు. దీని పుట్టినిల్లు అమెరికా ఖండములోని ఉష్ణప్రాంతము. 1955 ప్రాంతమున పూనాలో దీనిని గుర్తించిరి. విదేశములనుండి దిగుమతియైన గోధుమలతో కలిసి వచ్చినదని పలువురి అభిప్రాయము. ఒక్క మొక్క 15,000 మొదలు 25,000 వఱకు గింజలను రాల్చగలదు. అవి గాలికి ఎగురును, నీటిలో తేలును, బండి చక్రములకు, పశువుల గిట్టలకు అంటుకొని ఊరూరు తిరుగును. కొందఱికి ఈ మొక్క తగిలినచో చర్మవ్యాధియు, పుప్పొడి పీల్చినచో ఉబ్బసమును కలుగును.

పరదేశమునుండి వచ్చినదంతయు చెడ్డదని తలపరాదు. వేరుసెనగ కూడ దక్షిణ అమెరికానుండి వచ్చినదే, మిరపయు అట్టిదే. అవి మనుష్యుని చేతిలో పెరిగి మనుష్యునికి ఉపకరించుచున్నవి. కొన్ని జీవులు మాత్రము స్వస్థలమున తమ్ము అదుపులో నుంచు పురుగులను, తెగుళ్ళను అక్కడనే విడిచి వచ్చి, క్రొత్త నేలలో అడ్డులేక విజృంభించును. అటువంటి వానిని దండెత్తు అన్యజాతులందురు.

ఇట్టి జాతులు ఒకసారి పాతుకొనినచో తొలగించుట బహుకష్టము. వయ్యారిభామ ఆకులను తిను ఒక పెంకుపురుగును 1983లో మెక్సికోనుండి బెంగుళూరునకు తెప్పించి, పరీక్షించి, 1984లో విడిచిపెట్టిరి. అది వానకాలమున కొంత మేలు చేయుచున్నది. కాని కలుపును నిర్మూలింపజాలలేదు. కావున రాకుండ చూచుటయే మొదటి ఉపాయము. అందులకే మన దేశమున 1914లో ఒక చట్టమును, 2003లో దిగుమతి మొక్కలను గూర్చిన ఉత్తర్వును చేసిరి. విదేశములనుండి వచ్చు విత్తనములను, మొక్కలను రేవులలోను, విమానాశ్రయములలోను తనిఖీ చేయుదురు. 2030 నాటికి ఇట్టి జాతుల రాకను కనీసము సగమునకు తగ్గించవలెనని 2022లో ప్రపంచదేశములు తీర్మానించినవి.

వచ్చినదానిని వ్యాపింపనీయకుండుట రెండవ ఉపాయము. అది గ్రామస్థుల చేతిలోనే యున్నది. వాన పడి నేల మెత్తబడినపుడు, వయ్యారిభామ పూత పట్టక మునుపే, చేతులకు తొడుగులు ధరించి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, వేళ్ళతో సహా పెరికివేయవలెను. పూత రాని మొక్కలను గోతిలో వేసి ఎరువు చేయవచ్చును. పొలము చుట్టును జొన్నగాని సజ్జగాని కనీసము నాలుగు వరుసలు చల్లినచో, పుప్పొడికిని తామరపురుగులకును అది అడ్డుగోడవలె నిలుచును. ఒక్క రైతు తన గట్టు శుభ్రము చేసికొనిన చాలదు. పొరుగు గట్టునుండి పుప్పొడి రాగలదు. బాటప్రక్కలు, బీళ్ళు, కాలువగట్లు, బడి ఆవరణలు ఏ యొక్కరి సొత్తును కావు. అందుచేతనే అక్కడ ఈ కలుపు నిర్భయముగా పెరుగును. వానిని శుభ్రము చేయుట ఊరందఱి పని.

గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని పెద్దలందురు. పూయక మునుపు వయ్యారిభామను ఒక బాలుడు పెరికివేయగలడు. పూచి గింజ రాల్చిన పిమ్మట ఊరంతయు కూడినను దాని పని పూర్తికాదు.