దగ్గితే మూత్రం పడిపోతోందా? సిగ్గుపడకండి, చికిత్స ఉంది

మా ఓ.పి.కి వచ్చే అక్కచెల్లెళ్లలో కొందరు నడుం నొప్పి అనో, నీరసం అనో చీటీ రాయించుకుంటారు. డాక్టరమ్మను చూసి బయటికి వచ్చాక నర్సును పక్కకు పిలిచి, "సిస్టర్, దగ్గినా తుమ్మినా బట్టలు తడిసిపోతున్నాయి" అని మెల్లగా చెబుతారు. ఈ బాధతో పెళ్లిళ్లకు, ఆరాధనకు, బస్సు ప్రయాణాలకు వెళ్లడం మానేసినవారూ ఉన్నారు. కాన్పులయ్యాక ఇది మామూలేనని సరిపెట్టుకోకండి. చాలామందికి వ్యాయామంతోనే గుణం కనిపిస్తుంది.

ఇవి ఏ కండరాలు?

కటి ఎముకల అడుగున ఉయ్యాల గుడ్డలా పరచుకున్న కండరాలివి. మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని ఇవే మోస్తాయి. కాన్పులు, ముట్లు ఆగే వయసు, మానని దగ్గు, మలబద్ధకం, బరువుల మోత వీటిని సడలిస్తాయి. అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో వీటి వ్యాయామాల గురించి రాశారు. అందుకే వీటిని కెగెల్ వ్యాయామాలంటారు.

మొదటి రోజు ఏం చేస్తారు?

ఫిజియోథెరపిస్టు తలుపు వేసిన గదిలో మీతో మాట్లాడతారు. ఎన్ని కాన్పులు, ఎప్పుడు మూత్రం పడుతుంది, విరేచనం సాఫీగా అవుతుందా అని అడుగుతారు. మూడు రోజులు ఎన్ని నీళ్లు తాగారో, ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లారో రాసుకు రమ్మనవచ్చు. కండరాల బలం తెలియడానికి గ్లౌజు వేసుకుని వేలితో లోపలి పరీక్ష చేయవచ్చు. అది మీరు ఒప్పుకుంటేనే. వద్దనవచ్చు, తోడు ఒకరిని ఉంచమనవచ్చు, మధ్యలో ఆపమనవచ్చు.

వ్యాయామం ఎలా?

గ్యాసు పోకుండా ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించాలి. కొన్ని సెకన్లు ఉంచి పూర్తిగా వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు. తొడలు, పిరుదులు బిగించకూడదు. సాధారణంగా ఒక్కో విడతకు 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు చేయమంటారు. దగ్గు, తుమ్ము వచ్చేముందు, బిందె ఎత్తేముందు కూడా బిగించడం అలవాటు చేసుకోవాలి. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపుతూ సాధన చేయకండి.

కొందరిలో ఈ కండరాలు సడలక, బిగుసుకుపోయి నొప్పి పెడతాయి. వారికి బిగించడం కాదు, వదులు చేయడం నేర్పాలి. అందుకే పక్కింటివారు చెప్పారని మొదలుపెట్టకుండా ఒకసారి చూపించుకోండి.

గుర్తుంచుకోండి

* తడుస్తుందని నీళ్లు తాగడం మానకండి. మలబద్ధకం పెరిగి బాధ ఎక్కువవుతుంది.
* మూత్రం పడిపోవడానికి గర్భసంచి తీయించుకోవడం వైద్యం కాదు.
* మూత్రంలో రక్తం, మంట, జ్వరం ఉన్నా, కింద గడ్డలా జారినట్టున్నా ముందు డాక్టరుకు చూపించండి.
* ప్రొస్టేట్ ఆపరేషన్ అయిన మగవారికీ ఈ వ్యాయామాలు నేర్పుతారు.

ఇంట్లో వారికి ఒక మాట. అమ్మ గాని, కోడలు గాని ఈ బాధ చెప్పుకుంటే నవ్వకండి. వెంటబెట్టుకుని తీసుకురండి. ఓ.పి.లో అందరి ముందూ చెప్పనక్కరలేదు, "సిస్టర్‌తో మాట్లాడాలి" అంటే చాలు. మిగతాది మేం చూసుకుంటాం.