బడి స్టేజీ మీద నల్లమల

పిల్లలూ!

మీరు కల్వకుర్తిలో ఒక బడిలో చదువుకుంటున్నారనుకోండి. ఇంకో నెల రోజుల్లో వార్షికోత్సవం. ఈ యేడు చెంచులక్ష్మి కథను పాటల నాటకంగా ఆడాలని నిశ్చయమయింది. నరసింహస్వామి అడవిలో చెంచుల పిల్లను చూసి మనసుపడి పెళ్ళాడిన కథ మీకు తెలిసిందే గదా! పాడేవాళ్ళు కుదిరారు. ఆడేవాళ్ళు కుదిరారు. వేషం దొరకని వాళ్ళు నలుగురైదుగురు ముఖం ముడుచుకుని ఒక మూల నిలబడ్డారు. అందులో మీరూ ఉన్నారు. సారు మీ వైపు తిరిగి, "అంతా బాగానే ఉంది. మరి అడవిని ఎవరు తెస్తారు?" అని అడిగారు.

కల్వకుర్తి నుంచి శ్రీశైలం బస్సెక్కి మన్ననూరు దాటితే నల్లమల అడవి ఎదురవుతుంది. దాన్ని పెకలించి బడి ఆవరణలోకి తేవటం ఘటోత్కచుడి వల్ల కూడా కాదు. కాని మీ వల్ల అవుతుంది! కిరాణా కొట్టులో పారేసే అట్టపెట్టెలు, ఇంట్లో పాత దుప్పట్లు, కొంచెం వెదురు, కొంచెం గంజి, నాలుగు రంగులు ఉంటే చాలు.

ఇది కొత్త విద్య కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు, ఆయన కుటుంబంవారు కీచకవధ నాటకం ఆడారు. అంతకు ముందు వాళ్ళది తోలుబొమ్మలాట. బొమ్మలను ఆడించినవాళ్ళు తామే రంగస్థలం ఎక్కారన్న మాట. ఆ ఊరి పేరే వాళ్ళ నాటక సమాజాలకు నిలిచిపోయింది. సురభివారి ఇంట్లో అందరూ నాటకంలో పనివాళ్ళే. ఒకరు వేషం కడితే మరొకరు తెర లాగుతారు, ఇంకొకరు దీపాలు చూస్తారు. వాళ్ళ నాటకాల్లో రెండు బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. మంత్రమా? కాదు, సన్నని తీగలు! చూసేవాళ్ళ కన్ను మెరిసే బాణం వెంట పోతుంది. వెనక చీకటిలో ఉన్న తీగ ఎవరికీ కనపడదు. ఈ కళను నిలబెట్టినందుకు సురభి నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. అందరూ ఆయనను బాబ్జీ అని పిలిచేవారు.

1957లో వచ్చిన "మాయాబజార్" సినిమా మీ తాతయ్యలు చూసే ఉంటారు. అందులో కనిపించే ద్వారకానగరం కోసం సుమారు 300 చిన్న చిన్న ఇళ్ళను అట్టతో చేశారు. ఊరంతా కలిసి 50 అడుగులు, 60 అడుగుల జాగాలో ఇమిడింది. అందుచేత అట్టముక్కను చిన్నచూపు చూడకండి!

ఇక పని మొదలుపెడదాం. బొమ్మ గీసే ముందు మైదానంలో చివరి వరుస దాకా నడిచిపోయి అక్కడ కూర్చోండి. ఆ రోజు అక్కడ ఎవరో ఒకరి అవ్వ కూర్చుంటుంది. ఆమెకు చూపు కొంచెం మందం. "ఏం కనపడ్తలేదు బిడ్డా" అని ఆమె అన్నదా, మన శ్రమ అంతా వృథా! స్టేజీకి ఆమె 60 అడుగుల దూరంలో ఉన్నదనుకోండి. అడుగు ఎత్తున్న తేనెకుండ ఆమె కంటికి ఎంత కనపడుతుంది? చేతిలో, 2 అడుగుల దూరంలో పట్టుకున్న 1 సెంటీమీటరు గింజంత! కాబట్టి కుండ మీద సన్నని ముగ్గులు వెయ్యటం దండగ. అరచేయంత మందాన రెండే రెండు పట్టీలు వెయ్యండి. ఆకులు కూడా ఒక్కొక్కటి గియ్యకండి. ముదురాకుపచ్చ గుత్తి ఒకటి, దాని మీద లేతాకుపచ్చ గుత్తి ఒకటి వేస్తే దూరానికి అదే కొమ్మ.

తర్వాత తెర. పాత దుప్పటి మీద ఊరికే రంగు వేస్తే గుడ్డ పీల్చేసి రంగు అలుక్కుపోతుంది. చేర్యాల నకాషీ చిత్రకారులు తమ కథల పటాలు గియ్యబోయే ముందు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూసి ఆరబెడతారు. గుడ్డ సందులు మూసుకుపోయి నున్నగా అవుతుంది, రంగు పైనే నిలుస్తుంది. మీరూ అట్లాగే చెయ్యండి.

ఆ తెర మీద అడవి లోతుగా కనిపించాలంటే ఎట్లా? శ్రీశైలం దారిలో బస్సు ముందు అద్దంలోంచి చూడండి. దగ్గరి చెట్టు పెద్దది, దూరపు చెట్టు చిన్నది. రోడ్డు రెండు అంచులూ పోను పోను దగ్గరపడి ఒక చుక్కలో కలిసినట్టుంటాయి. దూరపు కొండలు నీలంగా, మసకగా కనిపిస్తాయి. ఎందుకంటే మధ్యలో ఉన్న గాలి సూర్యకాంతిలోని నీలిరంగును చెదరగొట్టి మన కంటికి పంపుతుంది. అందుకని వెనక తెర మీద నీలపు కొండలు, దాని ముందు చిన్న అట్టచెట్లు, స్టేజీ అంచున పెద్ద అట్టచెట్లు పెట్టండి. పది అడుగుల స్టేజీలో పది మైళ్ళ అడవి ఇముడుతుంది.

అట్టచెట్టు పడిపోకుండా వెనక వెదురు చట్రం కట్టాలి. నాలుగు కర్రలతో చదరం కట్టి మూలన నొక్కి చూడండి, వాలిపోతుంది. మూల నుంచి మూలకు అడ్డంగా ఇంకో కర్ర కట్టండి, ఇక వాలదు. ఆ కర్ర వల్ల చదరం రెండు త్రిభుజాలయింది. త్రిభుజం, భుజాలు విరిగితే తప్ప, ఆకారం మారదు. చెట్టు వెనక ఏటవాలుగా ఊతకర్ర పెట్టి, దాని కాలి మీద ఇసుక సంచి వెయ్యండి. ఇసుక సంచి మరిచారా, నరసింహస్వామి నెత్తిన చెట్టు పడుతుంది!

చెంచు జట్టుకు విల్లంబులు కావాలి. బాణానికి మొన వద్దు, గుడ్డ ఉండ చాలు. వింటినారి వదులుగా కట్టండి. ఒకరికి కిన్నెర కావాలి. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు దాని సరంజామా. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యగారు 12 మెట్ల కిన్నెర వాయిస్తారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. మీ స్టేజీ కిన్నెర మోగనక్కరలేదు, పక్కన వాయిద్యం ఎట్లాగూ ఉంటుంది. కాని పట్టుకున్న పిల్లవాడి వేళ్ళు పాటతోపాటు కదలాలి. లేకపోతే అందరికీ నవ్వొస్తుంది.

సింహముఖం చెయ్యటానికి చేర్యాలవారి చిట్కాయే మేలు. వాళ్ళు చింతగింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపి ముఖాలు చేస్తారు. మీరు పొట్టుకు బదులు నానిన కాగితపు గుజ్జు వాడవచ్చు, తేలికగా ఉంటుంది. ముఖం పెట్టుకున్నవాడు పాడాలి గదా! అందుకని నోటి దగ్గర, ముక్కు దగ్గర పెద్ద రంధ్రాలు ఉంచండి. వాడి చేత ఒక పాట పూర్తిగా పాడించి చూసిన తర్వాతే రంగు వెయ్యండి.

దీపాల విషయంలో ఒక తమాషా ఉంది. పచ్చని అడవి మీద ఎర్ర దీపం వేసి చూడండి, ఆకులు నల్లబడిపోతాయి. ఆకు పచ్చగా కనిపించేది పచ్చ వెలుగును తిప్పి పంపటం వల్ల. ఎర్ర వెలుగులో పచ్చదనమే లేదు, ఇక ఏది తిప్పి పంపుతుంది? కాబట్టి రంగులన్నీ ఆ రాత్రి వెయ్యబోయే దీపం కిందనే సరిచూసుకోవాలి.

ఉరుముకు పలచని ఇనుప రేకును వేలాడదీసి ఊపండి. వానకు చేటలో జొన్నలు పోసి మెల్లగా ఆడించండి. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో 1766లో తెరిచిన నాటకశాలలో, ఉరుము కోసం బరువైన గుండ్లను చెక్క కాలువలో దొర్లించేవారు.

ఇప్పుడు అన్నిటికన్న ముఖ్యమైన మాట. కాగడా దృశ్యం ఉన్నదని నిప్పు ముట్టించకండి! 1613లో లండనులోని గ్లోబు నాటకశాలలో షేక్స్‌పియరు నాటకం ఆడుతూ ఫిరంగి పేల్చారు. నిప్పు ఎగిరి గడ్డికప్పు మీద పడింది. నాటకశాల అంతా బూడిదయింది. జనమంతా క్షేమంగా బయటపడ్డారు. ఒకాయన లాగు అంటుకుంటే సీసాలోని పానీయం పోసి ఆర్పారట! 1614లో మళ్ళీ కట్టినప్పుడు కప్పుకు పెంకులు వేశారు. మన అడవి అంతా అట్ట, గుడ్డ, గంజి. కాగడాకు నారింజరంగు గాజుకాగితం చుట్టి లోపల చిన్న బ్యాటరీ దీపం పెడితే చాలు. కరెంటు తీగలు మాత్రం పెద్దవాళ్ళకే వదలండి.

చివరగా, పాటల నాటకంలో మన గడియారం పాటే. ఒక చరణం ముగిసేలోగా అడవి పోయి గుడి రావాలి. ఏ చెట్టు ఎవరు ఎత్తాలో, ఎటు పోవాలో చీటీ రాసుకుని, పాట పాడుకుంటూ పదిసార్లు మోసి చూడండి. విల్లు, కుండ, కిన్నెర పెట్టటానికి తెర వెనక ఒక బల్ల వేసి, ఏ వస్తువు ఎక్కడ ఉండాలో సుద్దముక్కతో గీత గియ్యండి. గీత ఖాళీగా కనిపిస్తే వస్తువు తప్పిపోయిందన్న మాట!

ఆ రాత్రి తెర లేస్తుంది. మీరు అట్టచెట్టు వెనక ఊతకర్ర పట్టుకుని కూర్చుంటారు. చప్పట్లు ఆడేవాళ్ళకు, పాడేవాళ్ళకు వస్తాయి. మీ ముఖం ఎవరికీ కనపడదు. కాని చివరి వరుసలో అవ్వ పక్కనున్న మనమడితో, "అదిగో, మన నల్లమల!" అంటుంది. వేషం దొరకలేదని ముఖం ముడుచుకున్న సంగతి మీకు అప్పుడు గుర్తుంటుందా?