చిత్రకారుల పేర్లను ఇంగ్లీషులో రాయడం: వాన్ గో, లియొనార్డో

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు: పాశ్చాత్య చిత్రకారుల పేర్లలో ఇంటిపేరు ఏదో, ఊరిపేరు ఏదో గుర్తించగలుగుతారు, ఇంగ్లీషు వ్యాసంలో ఆ పేర్లను సరిగా రాయగలుగుతారు, గ్రంథాలయ కేటలాగులో వాటిని ఏ అక్షరం కింద వెదకాలో తెలుసుకుంటారు.

పరిచయం

కళాచరిత్ర చదివే విద్యార్థి మొదట తడబడేది సిద్ధాంతాల దగ్గర కాదు, పేర్ల దగ్గర. ఒక చిత్రకారుణ్ణి పూర్తి పేరుతో ఒకసారి పరిచయం చేశాక, మిగిలిన వ్యాసమంతటా ఏ పేరుతో ప్రస్తావించాలి? పేరులోని ఏ ముక్క ఒంటరిగా నిలబడగలదో తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. మనకు తెలిసిన పేరుతోనే మొదలుపెడదాం. దామెర్ల రామారావు (1897–1925) రాజమండ్రి చిత్రకారుడు. ఆయనను "దామెర్ల" అంటే అందరికీ అర్థమవుతుంది, ఎందుకంటే అది ఇంటిపేరు. "రాజమండ్రి వాడు" అన్నది మాత్రం పేరు కాదు, ఊరు చెప్పడం మాత్రమే. ఈ తేడాను మనసులో ఉంచుకొని ముందుకు చదవండి.

వాన్ గో: ఇంటిపేరు

విన్సెంట్ వాన్ గో (1853–1890) నెదర్లాండ్స్ దేశస్థుడు. డచ్ భాషలో "వాన్" అంటే "నుంచి" అని అర్థం. అయితే ఈ పేరు తరతరాలుగా వస్తున్న ఇంటిపేరు. మన ఇంటిపేర్లలో అనేకం ఊళ్ళ పేర్ల నుంచి వచ్చినట్లే, ఇదీ స్థలాన్ని సూచిస్తూ మొదలై వంశనామంగా స్థిరపడింది. కాబట్టి "వాన్"ను వదిలి ఒక్క "గో" అని రాయకూడదు.

పెద్ద అక్షరం, చిన్న అక్షరం విషయంలో డచ్ పద్ధతి ఇది. ముందు విన్సెంట్ అని ఉంటే "వాన్"లోని వి చిన్న అక్షరం. విన్సెంట్ లేకుండా ఇంటిపేరు ఒక్కటే వస్తే వి పెద్ద అక్షరం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియం తన ఇంగ్లీషు రచనల్లోనూ ఇదే పాటిస్తుంది. కొందరు ఇంగ్లీషు ప్రచురణకర్తలు రెండు చోట్లా చిన్న అక్షరమే వాడతారు. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా వ్యాసం చివరి వరకు దానినే పాటించండి. వాక్యం మొదట్లో మాత్రం ఎప్పుడూ పెద్ద అక్షరమే.

చివరి నాలుగు అక్షరాలు జి, ఓ, జి, హెచ్. అమెరికన్లు "గో" అనీ, బ్రిటిష్ వారిలో చాలామంది "గాఫ్" అనీ పలుకుతారు. డచ్ వారు గొంతులోంచి "ఖ" వంటి ధ్వని తెస్తారు. ఉచ్చారణ ఏదైనా అక్షరక్రమం మారదు.

ఈ చిత్రకారుడు తన బొమ్మల మీద "విన్సెంట్" అని మాత్రమే సంతకం చేసేవాడు. 1888 మార్చిలో ఆర్ల్ నుంచి తమ్ముడు థియోకు రాసిన ఉత్తరంలో, ప్రదర్శన జాబితాలో కూడా అలాగే వేయించమని కోరాడు. తన ఇంటిపేరు అక్కడివారికి పలకడం రాదని కారణం చెప్పాడు. అయినా లోకం ఇంటిపేరునే స్థిరం చేసింది. అన్నదమ్ములిద్దరి గురించీ రాసేటప్పుడు "విన్సెంట్", "థియో" అని విడదీసి చెప్పడం సబబు.

లియొనార్డో: ఊరిపేరు

లియొనార్డో డా విన్సి (1452–1519) సంగతి వేరు. విన్సి ఇటలీలోని ఫ్లోరెన్స్ దగ్గరి ఊరు. "డా విన్సి" అంటే "విన్సికి చెందిన" అని అర్థం. నేటి అర్థంలో అది ఇంటిపేరు కాదు. అందువల్ల కళాచరిత్రకారులు ఆయనను "లియొనార్డో" అనే ప్రస్తావిస్తారు. 2003లో వచ్చిన "ది డా విన్సి కోడ్" నవల వల్ల "డా విన్సి" అన్న వాడుక మరింత వ్యాపించింది. పత్రికల్లో అది చెల్లినా, మీ పరీక్ష వ్యాసంలో "లియొనార్డో" అనడమే మేలు. రెంబ్రాంట్ (1606–1669) కూడా సొంత పేరుతోనే ప్రసిద్ధుడు. ఆయన పూర్తి పేరులో "వాన్ రైన్" ఉన్నా, దానిని ఒంటరిగా ఎవరూ వాడరు. అంటే "వాన్" కనిపించిన ప్రతి చోటా ఒకే సూత్రం పనిచేయదు.

కేటలాగులో వెదకడం

పేరు సరిగా తెలియకపోతే చేతికందవలసిన పుస్తకం అందకుండా పోతుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో వాన్ గో పేరు జి అక్షరం కింద ఉంటుంది. ముందు "గో", తరువాత "విన్సెంట్", చివర "వాన్" వస్తాయి. అనేక ఇంగ్లీషు పుస్తకాల ఇండెక్సులో మాత్రం వి కింద ఉంటుంది. ఒకచోట కనిపించకపోతే పుస్తకం లేదని తిరిగి వెళ్ళకండి, రెండోచోట చూడండి. లియొనార్డోను ఎల్ కింద వెదకండి.

సారాంశం

ఇంటిపేరు ఒంటరిగా నిలుస్తుంది, ఊరిపేరు నిలవదు. అందుకే "వాన్ గో" సరి, "లియొనార్డో" సరి. అనుమానం వస్తే, ఆ పేరు ఇంటిపేరా, ఊరిపేరా అని ముందు తేల్చుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. "వాన్"లోని వి ఎప్పుడు చిన్న అక్షరం, ఎప్పుడు పెద్ద అక్షరం?
2. "డా విన్సి"ని ఇంటిపేరుగా ఎందుకు పరిగణించరు?
3. వాన్ గో మీద పుస్తకం కోసం కేటలాగులో ఏ రెండు అక్షరాల కింద చూస్తారు?