మంచుదేశమున క్రిస్మసు

క్రిస్మసు కార్డులమీద మంచు కప్పిన దేవాలయమును, తెల్లని వృక్షములను చూచినప్పుడెల్ల, అట్టి దేశములలో పండుగ నిజముగా ఎట్లు జరుగునని మన విద్యార్థులు అడుగుచుందురు. ఆ ప్రశ్నకు ఉత్తరముగా ఫిన్లాండు దేశపు క్రిస్మసును గూర్చి ఈ వ్యాసమున వివరింపదలచితిని. 2023వ సంవత్సరాంతమున మేము నలుగురము ఆ దేశమందలి టుర్కు పట్టణమున, మా పాత మిత్రుల యింట పది దినములు అతిథులుగా నుంటిమి. ఆ దంపతులు పూర్వము కొన్ని సంవత్సరములు ఆంధ్రదేశమున ఒక మిషను వైద్యశాలలో పనిచేసినవారు. క్రిస్మసునాడు మా యింట అరటియాకులో భోజనము చేసినవారు.

ముందుగా ఆ దేశపు పగటిని గూర్చి తెలిసికొనవలెను. టుర్కు 60 డిగ్రీలకు పైబడిన ఉత్తర అక్షాంశముమీద నున్నది. మన గుంటూరు 16 డిగ్రీలమీద నున్నది. భూమి యొక్క అక్షము ఇంచుమించు 23½ డిగ్రీలు వంగియుండుటచే డిసెంబరు మాసమున ఉత్తరధ్రువము సూర్యునికి పెడగా తిరిగియుండును. ఆ హేతువుచే డిసెంబరు 22వ తేదీ ప్రాంతమున గుంటూరులో మధ్యాహ్న సూర్యుడు 50 డిగ్రీల యెత్తున నుండగా, టుర్కులో 6 డిగ్రీలు మాత్రమే పైకి లేచును. చేయి చాచి పిడికిలి బిగించి చూచినచో, ఆ పిడికిలి వెడల్పుకంటెను ఇది తక్కువ. ఉదయము తొమ్మిదిన్నర దాటిన పిమ్మట ప్రొద్దు పొడిచి, మధ్యాహ్నము మూడున్నర కాకమునుపే క్రుంకును. ఆ దేశపు ఉత్తరపు కొనయందలి ఉట్స్‌యోకి ప్రాంతమున నవంబరు చివరనుండి జనవరి నడుమవరకు సూర్యుడు బొత్తిగా ఉదయింపడు. కావుననే అక్కడివారు ప్రతి కిటికీయందును దీపముల నుంచుదురు. మనకు దీపము పండుగకు అలంకారము; వారికి అది ప్రాణాధారమువంటిది.

అంత చలిలో ఎట్లు జీవింతురని కొందరు అడుగుదురు. వారి కిటికీలకు రెండు మూడు వరుసల అద్దములుండును. ఆ అద్దముల నడుమ చిక్కిన గాలి వేడిని త్వరగా బయటికి పోనీయదు. ఒక్క మందపు చొక్కాకంటె మూడు పలుచని చొక్కాలు వెచ్చగా నుండుటకును ఇదియే కారణము. నేలమీద పడిన మంచులో సైతము గాలి నిండియుండుటచే, అది దుప్పటివలె మొక్కల వేళ్లను కాపాడును. ఇంటిలోనికి ప్రవేశించువారు పాదరక్షలను వాకిటనే విడువవలెను. ఈ యాచారమును చూచి మా పిల్లలు తమ యింటికే వచ్చినట్లు సంతసించిరి.

అచ్చట ముఖ్యమైన దినము డిసెంబరు 24వ తేదీ. ఉదయము పాలలో ఉడికించిన వరియన్నపు జావమీద దాల్చినచెక్క పొడియు, చక్కెరయు చల్లి భుజింతురు. ఆ పాత్రలో ఒక్క బాదముపప్పును దాచియుంచుదురు. అది ఎవరి పళ్లెములోనికి వచ్చునో వారు అదృష్టవంతులని వేడుక. ఆ దేశమున వరి పండదు. బియ్యము దూరదేశములనుండి రావలసిన వస్తువు గనుక పూర్వము పండుగనాడు మాత్రమే వండెడివారు. మనము దినదినమును తినుచు విలువ నెరుగని యన్నము అక్కడ పరమాన్నమైనది!

మధ్యాహ్నము సరిగా పండ్రెండు గంటలకు టుర్కు పట్టణమున క్రిస్మసు శాంతి ప్రకటనము జరుగును. ఈ యాచారము 1320వ దశాబ్దమునుండి, నడుమ కొన్ని అంతరాయములతో, నేటివరకు వచ్చుచున్నది. 1827లో జరిగిన గొప్ప యగ్నిప్రమాదమున పట్టణముతోపాటు ఆ ప్రకటనపు ప్రతియు దగ్ధముకాగా, జ్ఞాపకమునుండి దానిని మరల వ్రాసికొనిరి. 1886 మొదలుకొని బ్రింకలా భవనపు మేడమీదినుండి దానిని చదువుచున్నారు. దేవాలయపు గంట పండ్రెండు కొట్టగానే వేలకొలది జనులు మంచులో నిలిచి, లూథరుగారి కీర్తనను పాడుదురు. పిమ్మట ఒక ఉద్యోగి చర్మపత్రమును విప్పి ఫిన్నిషు, స్వీడిషు భాషలలో చదువును. అందరును భక్తితోను శాంతముతోను పండుగను జరుపుకొనవలెననియు, ఈ శాంతిని భంగపరచువారికి శిక్ష కఠినతరమగుననియు దాని తాత్పర్యము. 1935 మొదలుకొని రేడియో ద్వారా దేశమంతయు దీనిని వినుచున్నది. 1939లో మాత్రము ఈ ప్రకటనము జరుగలేదు. ఆ నవంబరు 30వ తేదీన సోవియటు సైన్యములు ఫిన్లాండుపై దండెత్తెను. విమానములు బాంబులు వేయునను భయముచే జనులను ఒకచోట చేర్చరైరి. ఆరువందల యేండ్లుగా వినబడుచున్న శాంతివాక్యము ఎంత సులభముగా మూగబోవునో దీనివలన తెలియుచున్నది.

ప్రకటనము ముగిసినతోడనే అంగళ్లు మూతపడి, వీధులు నిర్జనములగును. అప్పుడు కుటుంబములన్నియు సమాధుల తోటకు పోవును. మేమును మా మిత్రులతో పోతిమి. చీకటి పడుచుండెను. మంచులో గుంటలు చేసి, ప్రతి సమాధియొద్దను కొవ్వొత్తి వెలిగించియుండిరి. 1939–40 సంవత్సరముల శీతకాల యుద్ధము 105 దినములు జరిగెను. అందు ఇంచుమించు 25 వేల మంది ఫిన్లాండు సైనికులు మడిసిరి. ఆ దేశీయులు తమ మృతవీరులను సాధ్యమైనంతవరకు వారి స్వగ్రామములకే తెచ్చి సమాధి చేసిరి. అందుచే ప్రతి తోటయందును ఒకే తీరు రాళ్ల వరుసలున్నవి. మా మిత్రుని తాతగారును అట్టి వరుసలోనే యున్నారు.

ఆ తోటలలో, ఇతర స్థలములయందు సమాధి చేయబడినవారి జ్ఞాపకార్థము ప్రత్యేకముగా ఒక శిల నిలిపియుందురు. దూరదేశమున తమవారి సమాధులుగలవారు దానియొద్ద దీపమును పెట్టుదురు. మా మిత్రురాలు ఒక కొవ్వొత్తిని నా భార్యచేతి కిచ్చి ఆ శిలను చూపెను. ఆ యేడు వేసవిలో మా అత్తగారు ప్రభువునందు నిద్రించిరి. మా మిత్రురాలు మన దేశమున నున్నకాలమున ఆమె చేతివంట తినినదే. మేము గుంటూరు మట్టిలో విడిచివచ్చిన సమాధికి ఆ మంచులో దీపము వెలిగెను. ఎవరును మాటలాడలేదు.

ఇంటికి వచ్చిన పిమ్మట సౌనా స్నానము. వేడిచేసిన రాళ్లమీద నీరు చల్లి, ఆ యావిరిలో కూర్చుండుటయే సౌనా. 55 లక్షల జనులుగల దేశమున ఇట్టివి 30 లక్షలకు పైగా కలవు. ఈ యాచారమును 2020లో యునెస్కో సంస్థ మానవజాతి సాంస్కృతిక సంపదల పట్టికలో చేర్చినది. రాత్రి భోజనమున పందిమాంసము, చేపలు, క్యారట్టు మొదలగు దుంపల వంటకములు, నక్షత్రాకారపు పిండివంటలు ఉండును. తరువాత యౌలుపుక్కి యను క్రిస్మసు తాత స్వయముగా తలుపుతట్టి వచ్చి బహుమతుల నిచ్చును. ఆ పేరునకు క్రిస్మసు మేక యని యర్థము. పూర్వము మేకతోలును, కొమ్ములను ధరించి ఇల్లిల్లు తిరిగిన వేషగాండ్రనుండి అది వచ్చినది. 1927లో పిల్లల రేడియో కార్యక్రమమును నడపిన మార్కుసు బాబాయి, ఈ తాత కొర్వటుంటురి కొండమీద నివసించునని చెప్పగా, నాటినుండి దేశమంతయు దానినే నమ్ముచున్నది.

మరునాడు తెల్లవారుటకు ఎంతయో ముందు దేవాలయారాధన జరిగెను. టుర్కు మహాదేవాలయము 1300లో ప్రతిష్ఠింపబడినది. దాని పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నుండిన మికాయేల్ అగ్రికోలాగారు 1543లో ఫిన్నిషు భాషలో మొదటి వాచకమును, 1548లో క్రొత్త నిబంధనను ప్రచురించిరి. ఒక బడిపంతులు తన జాతికి అక్షరములను, సువార్తను రెండింటిని ఇచ్చుట మన విద్యార్థులు గమనింపదగినది. పాటలలోని పదములు మాకు తెలియవు. రాగములు కొన్ని తెలిసినవే గనుక మేము తెలుగులో పాడితిమి. ప్రక్కనున్న వృద్ధురాలు తన పాటల పుస్తకమును మావైపునకు త్రిప్పి పట్టుకొనెను.

విద్యార్థులారా, ఆ దేశమున క్రిస్మసు సందడిగల పండుగ కాదు. ఎవరి యింట వారు తలుపులు మూసికొని నెమ్మదిగా నుండు పండుగ. అట్టి రాత్రి పరదేశీయులకు తలుపు తెరచుట సామాన్యమైన మర్యాద కాదు. చలి యెక్కువగా నున్నచోట తలుపు తెరచినవాడు తన వెచ్చదనములో కొంత పోగొట్టుకొనును. మన దేశమున చలి లేదు గనుక తలుపు తెరచుట మనకు సులభము. రాబోవు క్రిస్మసునాడు మన వసతిగృహమున ఇంటికి పోజాలని విద్యార్థులు కొందరుందురు. వారిలో ఒక్కరినైనను మీ తలిదండ్రుల యనుమతితో మీ పంక్తికి పిలిచినచో, ఈ వ్యాసము వ్రాసిన ఫలము నాకు దక్కును.